బాక్సు బాబాయి జవాబులు: ఈసారి అన్నీ దాసరి ప్రశ్నలే

గత సంచికలో ఒక పాఠకుడు "దాసరి నారాయణరావు గారి సినిమాల గురించి ఒక్క ముక్కలో చెప్పండి బాబాయ్" అని అడిగితే, "కళ్లు మూసుకుని కూడా చూడొచ్చు" అని రాశాను. ఇక చూడండి, ఉత్తరాలు కట్టలు కట్టలు. తిట్టినవాళ్లు, మెచ్చుకున్నవాళ్లు, తిట్టానో మెచ్చానో అర్థం కాక అడిగినవాళ్లు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను సినిమా పండితుణ్ని కాను. విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేశాను. ప్రింటు బాక్సులు బస్సు టాపు మీద వేయించుకుని ఊరూరా తిరగడం, హాలు గేటు దగ్గర టికెట్లు లెక్కపెట్టడం, రాత్రి డి.సి.ఆర్. (ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం) మీద సంతకం తీసుకోవడం నా ఉద్యోగం. కాబట్టి నాకు సినిమా తెలిసింది తెర వైపు నుంచి తక్కువ, నేల క్లాసు వైపు నుంచి ఎక్కువ.

ప్రశ్న: మా ఊరి మనిషి మీద వెటకారమా? కళ్లు మూసుకుని చూడాల్సిన సినిమాలా అవి? (పాలకొల్లు)

కోపం తగ్గించుకోండి. పాలకొల్లు వాళ్లతో పేచీ పెట్టుకునే ధైర్యం సినిమా వాళ్లకెవరికీ లేదు. అల్లు రామలింగయ్య మీ వాడు, దాసరి మీ వాడు, ఆయన శిష్యుడు కోడి రామకృష్ణ కూడా మీ వాడే.

నేనన్నది పొగడ్తే. దాసరి నాటకాల నుంచి వచ్చిన మనిషి. నాటకంలో మైకు అందని చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా కథ అందాలి. ఆ అలవాటు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. 1982లో 'బొబ్బిలి పులి' ఆడుతున్నప్పుడు నేనొక రేకుల హాలు దగ్గర డ్యూటీలో ఉన్నాను. కోర్టు సీను టైముకి హాలు వెనక టీ కొట్టు దగ్గర జనం చేరేవాళ్లు. టికెట్ లేదు, తెర కనపడదు. వినడానికే వచ్చేవాళ్లు. ఎన్టీ రామారావు గారు ఒక్కో ప్రశ్న అడుగుతుంటే లోపల వాళ్లతో పాటు బయటివాళ్లూ ఈలలు వేసేవాళ్లు. టికెట్టు కొన్నవాడి చేత ఎవరైనా ఈల వేయిస్తారు. టీ తాగుతున్నవాడి చేత వేయించాలంటే రాసినవాడిలో సరుకుండాలి.

ఆ ఏడాది మార్చిలో రామారావు గారు పార్టీ పెట్టారు. జులైలో సినిమా వచ్చింది. తర్వాతి జనవరిలో ఆయన గెలిచారు. సినిమా వల్లే గెలిచారని నేననను. కానీ ఆ సినిమాకి వచ్చిన సెన్సారు గొడవలు, ఆ కోర్టు సీను, పల్లెల్లో మైకు సెట్ల మీద మోగిన ఆ డైలాగులు ఎన్నికలకి ఎంత ఊపు ఇచ్చాయో హాలు గేటు దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. 1980లో వచ్చిన 'సర్దార్ పాపారాయుడు'తోనే దారి పడింది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిందేమిటని ఒక ముసలి యోధుడి చేత అడిగించడం అక్కడే మొదలైంది.

ప్రశ్న: అయితే డైలాగులు ఎక్కువైపోయాయన్న విమర్శ తప్పంటారా? (వరంగల్)

తప్పేం కాదు, నూటికి నూరుపాళ్లూ నిజం. ఒక సంగతి చెబుతాను. ఆయన సినిమా ఒకటి, పేరు వద్దు, పెద్దగా ఆడలేదు. ఒక చిన్న ఊళ్లో సెకండ్ షో ఆలస్యంగా వదులుతున్నారని, సైకిళ్ల మీద పక్క పల్లెలకి పోవాల్సిన జనం గొడవ పెట్టారు. హాలు ఓనరు ఆపరేటర్‌ని పిలిచి "కాస్త తగ్గించవయ్యా" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీను ఒకటుంది. అందులో సగం తీసి డబ్బాలో పెట్టేశాడు. మర్నాటి నుంచి ఆ ముక్క లేకుండానే ఆడింది. ఏదో తగ్గిందన్న అనుమానం ఒక్కడికీ రాలేదు.

అదే పని ఇంకో ఊళ్లో 'బొబ్బిలి పులి' కోర్టు సీనుకి చేయబోయారు. రెండోసారి చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్క మాట ఎగిరిపోగానే పట్టేశారు. కేబిన్ మెట్లెక్కి తలుపు బాదారు. ఆ ముక్క అతికించి మళ్లీ వేసేదాకా కదల్లేదు.

ఇద్దరూ ఆపరేటర్లే, రెండూ దాసరి రాసిన మాటలే. ఏది ఉంచాలో ఏది తీయాలో జనానికి తెలుసు. ఆయనకి కూడా తెలిసే ఉంటుంది. కానీ కథ ఆయనది, మాటలు ఆయనవి, దర్శకత్వం ఆయనది, చాలాసార్లు పాటలూ ఆయనవే, డబ్బులూ ఇంట్లోవే. "గురువు గారూ, ఇది ఎక్కువైంది" అనే మనిషి ఎక్కడుంటాడు? నా దృష్టిలో ఆయన గొప్పంతా, కష్టమంతా ఇక్కడే ఉంది. దర్శకుడు కూడా స్టార్ కావచ్చని మన ఇండస్ట్రీకి చూపించినవాడు ఆయన. స్టార్ మీద కత్తెర పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు.

ప్రశ్న: మేఘాల మీద ఆయన పేరు వేసేవారట కదా? (ఖమ్మం)

వేసేవారు. హీరో పేరుకి వచ్చినంత చప్పుడు ఆ పేరుకీ వచ్చేది. పోస్టర్ల మీద ఆయన బొమ్మ కూడా. దర్శకుడికి అభిమాన సంఘాలేమిటని నవ్వినవాళ్లు ఉన్నారు. కానీ డిస్ట్రిబ్యూటర్ నవ్వలేదు. ఆ పేరు చూసి అడ్వాన్సు కట్టాడు.

ప్రశ్న: 150 సినిమాలు తీశారు. అందులో ఎన్ని నిలుస్తాయి బాబాయ్? అంత హడావుడి అవసరమా? (తణుకు)

ఒక్క 1982 తీసుకోండి. 'బొబ్బిలి పులి', 'మేఘసందేశం', 'స్వయంవరం', 'యువరాజు', 'రాగదీపం', 'కృష్ణార్జునులు'. నాకు గుర్తున్నవి మాత్రమే ఇవి. ఒక్క మనిషి, ఒక్క ఏడాది. ఒకటి జనాన్ని రోడ్డు మీదకి తెచ్చే సినిమా. ఇంకోటి జాతీయ అవార్డులు తెచ్చిన సినిమా. ఉత్తమ తెలుగు చిత్రం, సంగీతానికి రమేష్ నాయుడు, పాటలకి ఏసుదాసు, సుశీల. మిగతావాటిలో కొన్ని నేను మోసుకెళ్లిన బాక్సులే. కథ చెప్పమంటే మాత్రం తడుముకుంటాను.

ఆ స్పీడు ఎలా సాధ్యమైందో తెర మీదే కనబడుతుంది. ఒక మేడ సెట్టు, హాల్లో మెట్లు, మెట్ల మీద ఒకరు, కింద ఒకరు. ముఖం, ముఖం, మళ్లీ ముఖం. సగం కథ ఆ మెట్ల దగ్గరే తేలిపోతుంది. డేట్లు దొరికిన పెద్ద హీరోతో రోజుకి ఎన్ని పేజీలు లాగేయొచ్చో లెక్క తెలిసిన మనిషి తీసిన పద్ధతి అది. నిర్మాతకి లాభం, లైట్ బాయ్‌కి ఏడాదంతా పని. చూసేవాడికే సినిమా సినిమాకీ తేడా తెలియకుండా పోయింది.

ఎన్ని నిలుస్తాయంటే, నా లెక్కలో పది పన్నెండు. తక్కువేం కాదు. పది సినిమాలు తీసి పదీ నిలబెట్టుకున్న దర్శకుణ్ని నాకు చూపించండి, ఆయనకీ ఒక కాలమ్ ఇస్తాను.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. ఒక్క దాసరి సినిమా కూడా చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

అందరూ 'మేఘసందేశం' అంటారు. నువ్వు అక్కడ మొదలుపెట్టకు తమ్ముడూ. ముందు ఆయన మామూలుగా ఎలా మాట్లాడతాడో విను. ఆ సినిమాలో ఎందుకు తగ్గాడో అప్పుడు తెలుస్తుంది.

'తాత మనవడు' చూడు. దర్శకుడిగా ఆయన మొదటి సినిమా, నిర్మాత కె. రాఘవ గారు. ఎస్వీ రంగారావు తాత, రాజబాబు మనవడు. కమెడియన్‌ని ముందు పెట్టి కన్నీళ్ల కథ చెబితే ఎవరు కొంటారన్నది అప్పటి ట్రేడ్ లెక్క. ఆ లెక్క తప్పింది. "అనుబంధం ఆత్మీయత అంతా ఒక బూటకం" అనే సినారె పాట ఇప్పటికీ ముసలివాళ్లు కూర్చున్న చోట వినబడుతుంది. తర్వాత 'స్వర్గం నరకం', 1975. అందరూ కొత్తవాళ్లు. మోహన్ బాబు వెలుగులోకి వచ్చింది అందులోనే. పెద్ద హీరో లేకుండా కథని నమ్మి పోయిన దాసరి వీటిలో ఉన్నాడు. నాకు ఆయనంటేనే ఎక్కువ ఇష్టం.

ఆ తర్వాత 'బొబ్బిలి పులి'. అప్పుడు 'మేఘసందేశం'. అందులో ఆయన నోరు కట్టేసుకున్నాడు. కృష్ణశాస్త్రి పాటని, జయదేవుడి అష్టపదిని, రమేష్ నాయుడి వీణని ముందుకి తోసి తను వెనక్కి తగ్గాడు. మా సి సెంటర్లలో, అంటే చిన్న ఊళ్ల హాళ్లలో, నేల టికెట్టువాళ్లు రెండో రోజుకే పల్చబడ్డారు, అది వేరే విషయం. డి.సి.ఆర్. చూస్తే దిగులుగానే ఉండేది. కానీ రాత్రి హాలు మూసే వేళకి ఆపరేటర్ "ఆకులో ఆకునై" అని కూనిరాగం తీస్తుండేవాడు. అంతకు ముందు ఆ కుర్రాడి నోట ఐటమ్ పాట తప్ప నేనేదీ వినలేదు.

ప్రశ్న: దాసరి గారు ఆడవాళ్ల పక్షాన సినిమాలు తీశారని అంటారు. 'ప్రేమాభిషేకం' ఈమధ్య మళ్లీ చూస్తే నాకు ఒళ్లు మండింది. మీరేమంటారు? (గుంటూరు, ఒక టీచరమ్మ)

అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. మొత్తం వేయలేకపోతున్నాను, మన్నించండి. సారం ఇది. హీరోకి క్యాన్సర్. ఆ మాట తను ప్రేమించిన అమ్మాయికి చెప్పకుండా, చెడిపోయినట్టు నటించి, ఆమె చేత అసహ్యించుకునేలా చేసుకుని, ఆమెని ఇంకొకరికిచ్చి పెళ్లయ్యేలా చూస్తాడు. "ఆ అమ్మాయిని ఒక్క మాట అడగొచ్చు కదా" అంటారు మీరు.

అడగొచ్చు. అడిగితే సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు. 1981లో ఆ ప్రశ్న హాల్లో ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్ల గేటు దగ్గర క్యూ రోడ్డు మీదకి వచ్చింది, వజ్రోత్సవం జరుపుకుంది. పాటలన్నీ ఆయనే రాశారు, చక్రవర్తి బాణీలు. అక్కినేనిని ఆ వయసులో ప్రేమికుడిగా నమ్మించడం మాటలు కాదు. ఇవన్నీ ఒప్పుకుంటూనే మీ మాటకి నా ఓటు. త్యాగం ఎవరు చేస్తారో, ఎవరి తరఫున చేస్తారో ముందే తేల్చేసుకునే రకం కథ అది. నా మటుకు ఆ సినిమాలో నిలబడింది శ్రీదేవి కాదు, జయసుధ వేసిన వేశ్య పాత్ర. ఆమెకి మాత్రం ఆయన మనసు పెట్టి మాటలు రాశారు.

'మేఘసందేశం' కూడా మీ లెక్కలో నిలబడదు. కవి గారికి స్ఫూర్తి కావాలి, భార్య సర్దుకోవాలి. ఆ భార్య కూడా జయసుధే. ఎంత బాగా చేసిందో, అంత కోపం వస్తుంది.

ఇంకో వైపు కూడా చూడండి. అప్పట్లో మగ హీరో లేకుండా పోస్టర్ వేస్తే బయ్యర్లు ముఖం తిప్పుకునేవాళ్లు. 'శివరంజని'లో జయసుధ, 'గోరింటాకు'లో సుజాత, 1991లో 'అమ్మ రాజీనామా'తో శారద, 1997లో 'ఒసేయ్ రాములమ్మా'తో విజయశాంతి. కథ మోసింది ఆడవాళ్లే. అమ్మ అన్న ఉద్యోగానికి రాజీనామా ఇస్తానని ఒక ముసలి తల్లి చేత చెప్పించడం ఇప్పటి దర్శకులకి కూడా చెమటలు పట్టే పని. 'రాములమ్మ' వచ్చినప్పుడు నేను ఉద్యోగం చివరి రోజుల్లో ఉన్నాను. తెలంగాణ పల్లెల కథ, వందేమాతరం శ్రీనివాస్ పాటలు. కూలి పని నుంచి నేరుగా ఫస్ట్ షోకి వచ్చిన ఆడవాళ్లని ఆ సినిమాకి చూసినంతగా నేను ఇంకే సినిమాకీ చూడలేదు. వాళ్లకి దాసరి పాత చింతకాయ పచ్చడి అని చెప్పండి, ఏమంటారో విందాం.

ప్రశ్న: రాజకీయాల్లోకి పోయి పేరు చెడగొట్టుకున్నారు కదా? (నెల్లూరు)

1983లో 'ఎమ్మెల్యే ఏడుకొండలు' తీసి, తనే వేషం కట్టి రాజకీయ నాయకుల్ని ఉతికి ఆరేశారు. అదే కథని మరుసటి ఏడాది రాజేష్ ఖన్నాతో హిందీలోనూ తీశారు. అలాంటివాడు రాజ్యసభకి వెళ్లి, కేంద్రంలో బొగ్గు శాఖ సహాయ మంత్రి అయ్యారు. బొగ్గు గనుల కేటాయింపు కేసులో సీబీఐ ఆయన్ని నిందితుడిగా చేర్చింది. తీర్పు రాకముందే 2017 మే 30న పోయారు. తీర్పు కోర్టు ఇవ్వలేదు కాబట్టి బాక్సు బాబాయి కూడా ఇవ్వడు.

నాకు బాధ కలిగించింది వేరే. 1984 చివర ఏబీకే ప్రసాద్ గారి సంపాదకత్వంలో 'ఉదయం' పేపరు పెట్టారు. ఒక సినిమా దర్శకుడు పేపరు పెట్టడమేమిటి అనుకున్నవాళ్లం, పొద్దున్నే బస్టాండులో దాని కోసం వెతుక్కునేవాళ్లం. తర్వాత అది చేతులు మారింది, మూతపడింది. ఆయన సినిమాల్లో ఏ ఫ్లాపుకీ పడనంత దిగులు నాకు దానికి పడింది.

ప్రశ్న: అంత పెద్ద దర్శకుడు ఎక్కడ జారారు? (విజయనగరం)

అందరూ 2011లో వచ్చిన 'పరమవీర చక్ర' పేరు చెబుతారు, లేదా 2014 నాటి 'ఎర్రబస్సు'. అప్పటికి ఆయన ఏనాడో జారారు. నాకు మొదట అనుమానం వచ్చింది 1989లో, 'లంకేశ్వరుడు' దగ్గర. చిరంజీవి అప్పుడు ఏది ముట్టుకున్నా బంగారం. బయ్యర్లు ఎగబడి కొన్నారు. మొదటి రోజు హౌస్ ఫుల్ బోర్డు పెట్టాం, మొదటి వారానికే దాన్ని తీసి లోపల పెట్టేశాం. ఆ హీరో కాళ్లు చూడ్డానికి వచ్చిన కుర్రకారుకి ఈయన మాటలు వినిపించబోయారు. అదే ఏడాది అక్టోబరులో 'శివ' వచ్చింది. అందులో జనం తక్కువ మాట్లాడారు. సైకిల్ చైను తెగిన చప్పుడు చాలింది. ఆ సినిమా తర్వాత మా హాళ్లలో కుర్రాళ్లకి చెవి మారిపోయింది.

అందుకని ఆయన పని అయిపోయిందనుకుంటే 1991లో 'మామగారు' వచ్చింది. దర్శకుడు ముత్యాల సుబ్బయ్య. దాసరి అందులో నటుడు మాత్రమే. కొలిచినట్టు మాట్లాడారు, చూపుతో, నడకతో ఏడిపించారు, నంది తెచ్చుకున్నారు. నా వాదన అంతా అక్కడ రుజువైందని నేననుకుంటాను. కత్తెర ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆయన ఏ స్థాయిలో ఉంటారో ఆ సినిమా చూపిస్తుంది.

ప్రశ్న: ఆయన పోయాక ఇండస్ట్రీకి పెద్దదిక్కు లేదంటారు. నిజమేనా? (రాజమండ్రి)

నిజమే. పేమెంటు ఎగ్గొట్టిన కేసైనా, థియేటర్ దొరకని చిన్న నిర్మాతదైనా ఆయన ఇంటి గేటు తీసి ఉండేది. థియేటర్లన్నీ కొద్దిమంది చేతుల్లోకి పోయాయని మైకు ముందు గట్టిగా అన్నది కూడా ఆయనే. అనడం వల్ల థియేటర్లు రాలేదు, కానీ అనే మనిషి ఒకడున్నాడని చిన్నవాళ్లకి ధైర్యం. కోడి రామకృష్ణ, రేలంగి నరసింహారావు లాంటి శిష్యులని దర్శకులుగా నిలబెట్టారు. ఆర్. నారాయణమూర్తిని 'నీడ'తో ముందుకి తెచ్చారు. శిష్యుల సినిమాలు కొన్ని గురువు గారి సినిమాల కంటే క్రిస్పుగా ఉంటాయి. ఏది తగ్గించాలో ఆయన దగ్గర చూసి నేర్చుకున్నారేమో.

ప్రశ్న: బాబాయ్, ఆయన్ని మీరు ఎప్పుడైనా కలిశారా? (భీమవరం)

ఒక హాల్లో వంద రోజుల ఫంక్షన్‌కి వచ్చారు. స్టేజీ మీద చాలాసేపు మాట్లాడారు. నేను కింద ఆ రోజు ఫస్ట్ షో లేటవుతోందని టెన్షన్ పడుతున్నాను.

ప్రశ్న: వచ్చే సంచికకి రాఘవేంద్రరావు గారి మీద ప్రశ్నలు పంపొచ్చా? (కాకినాడ)

పంపండి. ఆయన పాటల్లో పళ్ల గురించి అడిగేవాళ్లు మాత్రం కార్డు మీద ఆ మాట ముందే రాయండి. అన్నీ ఒక కట్ట కట్టి ఒకటే జవాబిస్తాను.